పగటి డ్యూటీ

రైలు షల్కార్ స్టేషన్ దాటాక ఎర్మెక్ పదిహేడో బెర్తు ముసలమ్మకి మూడోసారి టీ తీసుకెళ్ళాడు.

మొదటి గ్లాసు ఆవిడ అడిగింది. రెండోది అడక్కపోయినా, పెద్దదాన్నని మర్యాద చేస్తున్నాడనుకుని దీవించి తాగింది. మూడోది చూసేసరికి, "నాయనా, నన్ను ఒంటెననుకున్నావా? ఒకేసారి వారానికి సరిపడా పట్టించేస్తున్నావు," అంది. చుట్టుపక్కల బెర్తులవాళ్ళు నవ్వారు. ఎర్మెక్ కూడా నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నారో తెలియనివాడి నవ్వు అది.

ఆ నవ్వుకే నజీపాకి మెలకువ వచ్చింది.

ఆ బోగీకి అటెండర్లు ఆలుమగలిద్దరే. మంగిస్తావ్ నుంచి అల్మాటీ దాకా మూడు పగళ్ళు, మూడు రాత్రులు. పగలు అతని డ్యూటీ, రాత్రి ఆమెది. రాత్రంతా బాయిలర్‌లో బొగ్గు వేసి, దిగేవాళ్ళని తట్టి లేపి, పొద్దున్నే బోగీ చివర గదిలో వాలిన మనిషి సాయంత్రం దాకా లేవనక్కర్లేదు. కానీ పాలు విరిగితే వాసనకే తెలిసినట్టు, భర్త నవ్వులో తేడా ఆమెకి నిద్రలో కూడా తెలుస్తుంది. చెప్పులు వెతుక్కుని బయటకొచ్చింది.

"ఆ గ్లాసు ఇటివ్వు."

"పదిహేడో బెర్తుకి ఇవ్వాలి," అన్నాడు ఎర్మెక్.

"ఇచ్చేశావు. రా."

గదిలోకి తీసుకొచ్చి తలుపు మూసి, "పోలీసులా పెట్టు చేతులు," అంది.

రోజూ రెండు పూటలా వాళ్ళిద్దరి మధ్యా జరిగే తంతు ఇది. బండి ఆపే పోలీసులా చేతులు రెండూ ముందుకు చాచి అరచేతులు నిలబెట్టాలి. మంచి రోజైతే గోడల్లా నిలబడతాయి. ఈ రోజు నిలబడలేదు. తడిసిన పిట్ట రెక్కలు విదిలించినట్టు, మణికట్టు దగ్గర పడిపోయి మళ్ళీ లేస్తున్నాయి. ఎర్మెక్ ఆ చేతులు ఎవరివో అన్నట్టు చూస్తున్నాడు.

"నిన్నటినుంచి ఎన్నిసార్లు వెళ్ళావు?"

"ఎక్కడికి?"

"మీ పిన్నిగారింటికి. బాత్రూమ్‌కయ్యా."

అతను వేళ్ళు మడవబోయి ఆపేశాడు. "అదేమన్నా జీతమా, లెక్కపెట్టుకోడానికి?"

హాస్యమాడుతున్నాడంటే మరీ మునిగిపోలేదు. నజీపా బెర్తు కింద సంచీలోంచి సిరప్ సీసా తీసి వెలుగుకి ఎత్తి చూసింది. మంగిస్తావ్‌లో కొత్తగా మూత విప్పినప్పుడు ఎంతుందో అంతే ఉంది. డాక్టరమ్మ వాళ్ళకి చాలా తేలిక మాటల్లో చెప్పింది. ఈయన కాలేయం ఇక రక్తాన్ని కడగలేదు, కడుపులోంచి పోవలసింది రోజుకి మూడుసార్లు పోవాలి, పోకపోతే ఆ విషం తలకెక్కుతుంది. ఎక్కితే ముందు చేతులు వణుకుతాయి, తర్వాత మాట తడబడుతుంది, తర్వాత మనిషి లేవడు.

"ఎందుకు తాగలేదు?"

"యాభైనాలుగు మంది జనం." ఎర్మెక్ ఒక్కో మాటా నూతిలోంచి చేదినట్టు తీస్తున్నాడు. "రెండు బాత్రూములు. స్టేషనొస్తే వాటికి తాళం. అది తాగితే... నాకు తాళం పడదు. తలుపు దగ్గర టిక్కెట్లు చూడమంటావా, పరిగెత్తమంటావా?"

ఆమెకి కోపం రాలేదు. వచ్చినా ఎవరిమీద పెట్టుకోవాలో తెలియలేదు. రెండు మోతాదులు ఒకేసారి గ్లాసులో పోసి నోటి దగ్గర పెట్టింది. పసిపిల్లాడిలా మొహం ముడిచి తాగాడు. కోటు విప్పి బెర్తుమీద పడుకోబెడుతుంటే జేబులో గట్టిగా ఏవో తగిలాయి. ఎండబెట్టిన పెరుగుండలు, రెండు. ఉప్పు ముద్దలు. షల్కార్ ప్లాట్‌ఫారం మీద కొన్నట్టున్నాడు.

"ఉప్పు తింటే పొట్టలోకి నీళ్ళొస్తాయని తెలుసుగా."

"తినలేదు. జేబులో ఉంచుకున్నాను. అప్పుడప్పుడు వాసన చూద్దామని."

వాచిన కాళ్ళనుంచి బూట్లు లాగితే మేజోళ్ళ పట్టీ చర్మంలో దిగి గాడి పడి ఉంది. నజీపా ఆ గాడిని బొటనవేలితో నిమిరింది. ఉండల్లో ఒకటి కిటికీలోంచి విసిరింది. రెండోదాన్ని, తిండి పారెయ్యడం పాపమని, తనే నోట్లో వేసుకుంది.

తర్వాత అతని పగటి కోటు తగిలించుకుని బయటకొచ్చింది. ఖాళీ గ్లాసులు ఏరింది. నడవా తడిగుడ్డతో తుడిచింది. వాడిన దుప్పట్లు పదేసి చొప్పున మూటగట్టింది. బాయిలర్ బూడిద గోకి బొగ్గు వేసింది. గంటకోసారి ఎర్మెక్‌ని లేపి, భుజం పట్టుకుని బాత్రూమ్ దాకా నడిపించి, బయట నిలబడి, మళ్ళీ తీసుకొచ్చి పడుకోబెట్టింది. పదిహేడో బెర్తు ముసలమ్మ, బీబిష్ అని పేరు, తరాజ్‌లో మనవరాలి పెళ్ళికి వెళ్తోంది. ఆవిడ అంతా చూస్తోంది కానీ ఏమీ అడగలేదు.

మర్నాడు పొద్దున్న రైలు కిజిలోర్దాలో ఆగేసరికి నజీపా నిద్రపోయి ఇరవై గంటలు దాటింది.

స్టేషన్ రాబోయే ముందే నిబంధన ప్రకారం రెండు బాత్రూములకీ తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని దిగింది. ప్లాట్‌ఫారం నిండా మూటలు, పుచ్చకాయలు, వీడ్కోళ్ళు. ఒక్కో టిక్కెట్టూ పేరుతో సరిచూసి సంచీ అరల్లో పెడుతోంది. ఆ హడావుడిలో అవతలి తలుపునుంచి రైల్వే తనిఖీలు చేసే ఇన్‌స్పెక్టర్ తుర్సునోవ్ ఎక్కడం ఆమె చూడలేదు.

లోపల సిరప్ తన పని తాను చేసింది. ఎర్మెక్ కడుపు పట్టుకుని లేచాడు. మేజోళ్ళతోనే, గుండీలు పెట్టని చొక్కాతో, గోడలు తడుముకుంటూ వెళ్ళి బాత్రూమ్ తలుపు లాగాడు. తాళం. రెండో చివరకి బయల్దేరాడు. నడవా మధ్యలో తుర్సునోవ్ ఎదురయ్యాడు.

నజీపా మెట్లెక్కి వచ్చేసరికి తన భర్త ఆ ఇన్‌స్పెక్టర్ భుజమ్మీద చెయ్యేసి, "తమ్ముడూ, తాళంచెవి, తాళంచెవి," అంటున్నాడు. నాలుక మడతపడుతోంది. ఆమె మరేమీ చూడలేదు. నిబంధన సంగతి కూడా ఆలోచించలేదు. ఆగివున్న రైల్లో, స్టేషన్ మధ్యలో, బాత్రూమ్ తాళం తీసి అతన్ని లోపలికి పంపింది. కాస్త ఆలస్యమైంది. లోపలినుంచి నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది.

తుర్సునోవ్ నలభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ మడత నలగని యూనిఫారం. అరిచే రకం కాదు. పుస్తకం తెరిచి పెన్ను మూత తీశాడు.

"డ్యూటీలో ఉన్నాడా?"

"ఉన్నారు," అంది నజీపా.

"ఎంత తాగాడు?"

ఆమె తాళంచెవి జేబులో వేసుకుంది.

"వాసనొస్తోందమ్మా. తియ్యగా. పళ్ళ సారా కదూ?"

ఆ తీపి వాసన నజీపాకి ఏడాదిగా తెలుసు. మురగబెట్టిన యాపిల్ పళ్ళ వాసన. కాలేయం పాడైనవాళ్ళ ఊపిరికి అలాగే వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట నాలుక చివరదాకా వచ్చింది. ఆయన జీవితంలో చుక్క ముట్టలేదు, అది జబ్బు, అనాలి. కానీ ప్రతి ప్రయాణానికీ ముందు బోగీ పుస్తకంలో 'మేమిద్దరం డ్యూటీకి తగిన ఆరోగ్యంతో ఉన్నాం' అని రాసి సంతకం పెట్టేది పెద్ద అటెండరు. ఆ బోగీకి పెద్ద అటెండరు నజీపా. రెండేళ్ళుగా రాస్తూనే ఉంది. జబ్బు అంటే, ఆ సంతకాలన్నీ లేచి నిలబడతాయి. ఆమె ఉద్యోగం పోతుంది. ఉద్యోగం పోతే నెలనెలా అల్మాటీ ఆస్పత్రికి ఈ మనిషిని తీసుకెళ్ళే రైలూ ఉండదు.

ఆమె నోరు మెదపలేదు.

"తుర్కిస్తాన్ స్టేషన్లో డాక్టరుంటాడు. అక్కడ గొట్టంలో ఊదిస్తాను," అని తుర్సునోవ్ రాసుకుంటూ పక్క బోగీకి వెళ్ళిపోయాడు.

తుర్కిస్తాన్ ఇంకా ఐదు గంటలు. ఆ ఐదు గంటల్లో ఎర్మెక్ నెమ్మదిగా తేరుకున్నాడు. ఆమె అతని బట్టలు మార్చింది, మాసినవి ఉతికి బాయిలర్ పక్కన ఆరేసింది. ఉప్పులేని జావ చేసి చెంచాతో పెట్టింది. పదకొండు గంటలకి అతను తనంతట తనే గ్లాసు పట్టుకుని నీళ్ళు తాగి, "ఎవరినైనా కౌగిలించుకున్నానా?" అని అడిగాడు.

"ఇన్‌స్పెక్టర్ని."

"మంచివాడిలాగే అనిపించాడే."

"నువ్వు తాగావని రాసుకున్నాడు."

ఎర్మెక్ మొహంలో నవ్వు ఆగిపోయింది. ఆ మాట అతనికి ఎంత లోతుగా దిగుతుందో నజీపాకి తెలుసు. పెళ్ళిళ్ళలో గ్లాసు బోర్లించి కూర్చునే మనిషి. ఎప్పుడో చిన్నప్పుడు ఏ సూదితోనో రక్తంలో చేరిన కామెర్ల వైరస్‌కి, ఇవాళ చుట్టాలంతా అతన్ని ఓరగా చూస్తారు. కాలేయమా, అయితే చాటుగా బాగానే పుచ్చుకునేవాడన్నమాట, అంటారు. జబ్బు కన్నా ఆ చూపుకే ఎక్కువ నలిగిపోయాడు.

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు," అంది ఆమె. కళ్ళెత్తలేదు. "తుర్కిస్తాన్‌లో చెప్తాను. గొట్టంలో సున్నా వస్తుంది. అప్పుడెలాగూ చెప్పాలి."

ఎర్మెక్ ఆమె మోకాలి మీద చెయ్యి వేశాడు. చెయ్యి వణకడం లేదు. "పెళ్ళి మాటలనాడు ఆచారమంటూ మీ వాళ్ళు మా వాళ్ళ నోట్లో గొర్రె కార్జం కుక్కారు చూడు. ఆ గొర్రెకే ఏదో రోగం ఉండుంటుంది. ముప్పై ఏళ్ళుగా నేను అరిగించుకోలేకపోతున్నాను."

"మా గొర్రెకేం రోగం? మీ వాళ్ళు కొవ్వంతా ఏరుకు తిన్నారు."

"పడుకో కాసేపు. కళ్ళు చూడు, ఉడికిన ఉల్లిపాయల్లా ఉన్నాయి. స్టేషనొస్తే లేపుతాను."

ఆమె పడుకోలేదు. కూర్చునే కునికింది.

తుర్కిస్తాన్‌లో యాత్రికుల గుంపు ఎక్కింది. ఇరవై ముగ్గురు. వాళ్ళ పెద్దాయన దగ్గర అందరి టిక్కెట్లూ ఒకే కట్టగా ఉన్నాయి, పేర్లు కలవడం లేదు. నజీపా తలుపు వదిలి కదల్లేకపోయింది. డాక్టరు ఎటునుంచి వస్తాడా అని మాటిమాటికీ ప్లాట్‌ఫారం కేసి చూసింది. ఎవరూ రాలేదు. రైలు కదిలింది.

యాత్రికులకి దుప్పట్లు పంచుతుంటే రైలు సిబ్బంది అందరికీ పెద్ద అయిన ఒరల్బాయ్ వచ్చాడు. ముప్పై అయిదేళ్ళవాడు. నజీపాని అక్కా అని పిలుస్తాడు. చేతిలో మడిచిన కాగితం ఉంది.

"అక్కా, నాకిది నమ్మబుద్ధి కావడం లేదు. కానీ స్టేషన్ రాకముందే ఆయనే నా గదికొచ్చి రాసిచ్చాడు. అందుకే డాక్టర్ని పిలిపించలేదు."

నజీపా కాగితం విప్పింది. డ్యూటీలో మద్యం సేవించాననీ, పరీక్షకి నిరాకరిస్తున్నాననీ, ఈ విషయం పెద్ద అటెండరుకి తెలియదనీ రాసుంది. కింద ఎర్మెక్ సంతకం. అక్షరాలు చాలా నెలల తర్వాత ఇంత కుదురుగా ఉన్నాయి. ఒక్క గీత వంకర పోలేదు. పూర్తి తెలివితో, తీరిగ్గా, బల్లమీద మోచెయ్యి ఆనించి రాసిన రాత.

దుప్పట్లు అక్కడే పెట్టి గదికి వెళ్ళింది. ఎర్మెక్ ఆమె ఉతికి ఆరేసిన చొక్కా మడతపెడుతున్నాడు.

"తాగానని రాయమని నీకెవరు చెప్పారు?"

"నువ్వు చెప్పలేకపోయావు. నేను చెప్పాను."

"జీవితంలో ముట్టని మనిషివి."

"తాగినవాణ్ణయితే నన్నొక్కణ్ణే తీసేస్తారు. రోగిష్టినయితే ఇద్దరినీ తీసేస్తారు. నాది ఎలాగూ పోయేదే కదే. నీదీ పోతే ప్రతి నెలా నన్ను అల్మాటీకి ఎవరు మోసుకెళ్తారు, బీబిషమ్మ ఒంటెనా?" చొక్కా చేతులు రెండూ వెనక్కి మడిచి, దిండు కింద పెట్టి, దానిమీద అరచేత్తో నొక్కాడు. "మాటేగా నజీపా. మాటకి కాలేయం పాడవదు."

పొద్దున్న తను నోరు మెదపలేకపోయినందుకు, ఇతను సొంత మంచిపేరు తెచ్చి అడ్డం పెట్టాడు. నజీపా సిరప్ సీసా తీసింది. "మందు వేళయింది," అని మాత్రం అంది.

కబురు రైలంతా పాకడానికి తర్వాతి పెద్ద స్టేషన్ చిమ్‌కెంట్ దాకా కూడా పట్టలేదు. పక్క బోగీ అటెండరు తలుపు దగ్గర ఎదురై, "మీ ఆయన కూడానా వదినా? మేమేదో సన్యాసి అనుకున్నాం," అని కన్ను గీటాడు. ఎర్మెక్ ఇప్పుడు తిన్నగా నడుస్తున్నాడు. పని చెయ్యొద్దన్నా వినకుండా గ్లాసులు ఏరుతున్నాడు. ముప్పయ్యో బెర్తాయన, టీ కావాలా అంటే, "నీ చేత్తో వద్దులే," అన్నాడు. ఎర్మెక్ తలూపి ముందుకెళ్ళాడు.

పదిహేడో బెర్తు దగ్గర బీబిష్ అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"కూర్చో నాయనా."

అతను అంచున కూర్చున్నాడు. నజీపా రెండు బెర్తుల అవతల ఓ యాత్రికుడికి పరుపు దింపుతోంది.

"నా రెండోవాణ్ణి ఆ తాగుడే తినేసింది," అంది బీబిష్. "నీ అంత మంచివాడే. పెళ్ళాం పగలూ రాత్రీ వాణ్ణి మోసేది, నీ పెళ్ళాంలాగే. నిన్నటినుంచి చూస్తున్నానుగా, ఆ పిల్ల కన్ను మూసిందా? నిన్ను బాత్రూమ్‌కి నడిపిస్తోంది, బొగ్గు వేస్తోంది, నీ బట్టలు ఉతుకుతోంది. సిగ్గనిపించడం లేదూ?"

"అనిపిస్తోందమ్మా."

"ఒట్టు వెయ్యి. రేపు నా మనవరాలి పెళ్ళి, శుభం పేరు చెప్పి వెయ్యి. మానేస్తానను."

ఎర్మెక్ తల వంచుకున్నాడు. మొండిగా కాదు, నటించినట్టూ కాదు. పెద్దావిడ మంచికే చెబుతోంది, వినాలి, అన్నట్టు. "మానేస్తానమ్మా," అన్నాడు.

నజీపా చేతిలోంచి పరుపు జారి నేలమీద పడింది.

"ఆయన మానెయ్యడానికేమీ లేదమ్మా," అంది. తన గొంతు అంత పెద్దగా వస్తుందని ఆమె అనుకోలేదు. ఆ వైపు బెర్తులవాళ్ళంతా తలలు తిప్పారు. "తాగడు. ఎప్పుడూ తాగలేదు. కాలేయం జబ్బు. మందు అందకపోతే విషం తలకెక్కి అలా అవుతుంది. రెండేళ్ళయింది. పైకి తెలియకుండా దాచింది నేను."

"నజీపా," అన్నాడు ఎర్మెక్ హెచ్చరికగా.

"నువ్వూరుకో."

కిటికీ పక్క తల్లి ఒకామె ఒళ్ళో పిల్లని దగ్గరికి లాక్కుని, "అంటుతుందా?" అని అడిగింది.

"రక్తంతో అంటుతుంది. టీ గ్లాసుతో, తలుపు గొళ్ళెంతో అంటదు. అంటేదయితే ఆయన కంచంలో తినే నాకు ఎప్పుడో అంటేది."

ఆమె తలూపింది కానీ పిల్లని వదల్లేదు. ముప్పయ్యో బెర్తాయన కిటికీలోంచి బయటకి చూస్తూ కూర్చున్నాడు. బీబిష్ చాలాసేపు ఎర్మెక్ మొహం పరీక్షగా చూసింది, పసుపు తిరిగిన కళ్ళు, లోపలికి పోయిన చెంపలు.

"మరి నేనిన్ని తిడుతుంటే ఎందుకు పడ్డావు?"

"మీ అబ్బాయి గుర్తొచ్చాడేమో, తిట్టుకోనీలే అనిపించింది," అన్నాడు ఎర్మెక్.

ఆవిడ దుప్పటి జరిపి అతన్ని ఇంకా లోపలికి కూర్చోబెట్టుకుంది. అతని చెయ్యి మాత్రం తరాజ్ వచ్చేదాకా వదల్లేదు.

నజీపా అక్కణ్ణించి తిన్నగా ఒరల్బాయ్ గదికి వెళ్ళింది. అతను విని, బల్ల మీద వేళ్ళతో దరువు వేసి, తలుపు మూసొచ్చాడు.

"అక్కా, నేను చెప్పేది విను. ఆయన కాగితం ఒక్కటే ఉంటే ఆయనొక్కడే పోతాడు. నీ కాగితం కూడా ఇస్తే నువ్వూ పోతావు. ఆయన నీకోసమేగా రాసింది. ఆ మేలు ఎందుకు పాడు చేసుకుంటావు?"

"తెలుసు తమ్ముడూ."

"బోగీలో నలుగురు ముసలాళ్ళ ముందు అన్నావు. ఆ మాట తరాజ్‌లో దిగి వెళ్ళిపోతుంది. కాగితం దిగదు."

"అందుకే కాగితం కావాలి. పెన్నివ్వు," అంది నజీపా.

ఆ సాయంత్రంనుంచి ఎర్మెక్ ఆమెతో మాట్లాడటం మానేశాడు. ముప్పై ఏళ్ళలో అతను అలిగిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. "నా కాగితం నేను రాసుకున్నాను. నిన్నెవరు అడిగారు?" అని ఒక్కసారి అని, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె సిరప్ పోసిస్తే చెయ్యి చాపి తీసుకుని తాగి, గ్లాసు వెనక్కిచ్చాడు. మాట లేదు. మర్నాడు అల్మాటీ పొలిమేరల్లో కొండలు కనిపిస్తుండగా, ఆమె దువ్వెనతో తల దువ్వుకుంటూ అద్దంలోంచి చూసింది. అతను బెర్తుమీద లేచి కూర్చుని, మొహం పక్కకి తిప్పుకునే, చేతులు రెండూ ముందుకు చాచి పోలీసులా నిలబెట్టాడు. గోడల్లా నిలబడ్డాయి. ఆమె చూసిందని నిర్ధారించుకుని దించేశాడు.

అల్మాటీ రైల్వే ఆఫీసులో వాళ్ళని గంటన్నర బెంచీమీద కూర్చోబెట్టారు. లోపల అధికారిణి కళ్ళజోడు పైకి తోసి, బల్లమీద రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది.

"ఈయన తాగానని రాశాడు. ఈవిడ తాగలేదని రాసింది. ఏది నిజం?"

నజీపా ఎర్మెక్ వైపు చూసింది. ఇక అంతా అతని చేతుల్లోనే ఉంది. తాగాననే అంటే ఆమె కాగితం భర్తని కాపాడుకోడానికి భార్య అల్లిన కథ అయిపోతుంది. ఉద్యోగం నిలుస్తుంది. అతను చాలాసేపు తన టోపీ అంచు చుట్టూ వేలు తిప్పాడు.

"నేను తాగలేదండి," అన్నాడు. కాస్త ఆగి, తనకోసమన్నట్టు మళ్ళీ అన్నాడు. "ఎప్పుడూ తాగలేదు."

"అయితే ఈ కాగితం అబద్ధం."

"అబద్ధమే."

"ఎందుకు రాశావయ్యా అబద్ధం?"

"ఆవిడ నేను ఆరోగ్యంగా ఉన్నానని వందసార్లు రాసిందండి. నేను ఒక్కసారి రాశాను."

అధికారిణి కళ్ళజోడు కిందికి దించుకుంది. ఏదో రాస్తున్నట్టు తలొంచుకుంది కానీ పెన్ను కాగితానికి ఆనలేదు.

నాలుగో రోజుకి తీర్పు వచ్చింది. ఎర్మెక్ మీది తాగుడు నేరం కొట్టేశారు, అనారోగ్యం కింద ఉద్యోగం నుంచి తప్పించారు. నజీపాని బోగీ నుంచి శాశ్వతంగా తీసేశారు. తప్పుడు సంతకాలకి అసలు ఇంటికే పంపాలి గానీ, ఇరవై రెండేళ్ళ సర్వీసు చూసి, అల్మాటీలో దుప్పట్లు ఉతికించే గోదాములో వేశారు. జీతం తక్కువ, హోదా లేదు. ఆస్పత్రి మాత్రం రెండు బస్ స్టాపుల దూరం. డాక్టరమ్మ సిరప్ మానేసినందుకు ఎర్మెక్‌ని నిలబెట్టి తిట్టింది, మరో మాత్ర కలిపింది, అతని పేరు మార్పిడి కాలేయం కోసం ఎదురుచూసే వాళ్ళ జాబితాలో ఎక్కించింది. జాబితా పొడుగ్గా ఉందని కూడా చెప్పింది, దాచలేదు.

మంగిస్తావ్‌లో ఇల్లు ఖాళీ చేసి సామాను తెచ్చుకోవాలి. అదే రైలు ఎక్కారు, టిక్కెట్లు పట్టుకుని. బోగీకి కొత్తగా వచ్చిన పిల్ల ఇరవై ఏళ్ళది, ఐగెరిమ్ అట. పాత అటెండర్లని తెలిసి కంగారుపడిపోయి దుప్పట్లకి బదులు కిటికీ తెరలు తెచ్చిచ్చింది. నజీపా కూర్చోలేకపోయింది. బాయిలర్ ఈల వెయ్యడం విని రెండుసార్లు లేచింది. రెండుసార్లూ ఎర్మెక్ ఆమె కోటు అంచు పట్టుకుని లాగి కూర్చోబెట్టాడు.

"ఆ పిల్ల పని ఆ పిల్లని చేసుకోనీ."

"బొగ్గు ఎక్కువేస్తోంది."

"వేసి నేర్చుకుంటుంది. నువ్వెన్నిసార్లు మసిబొమ్మవయ్యావో నాకు తెలియదా?"

రెండోరోజు మధ్యాహ్నం రైలు అరాల్ దాటింది. రెండువైపులా ఉప్పు తేరిన నేల, ఎండకి తెల్లగా మెరుస్తోంది. నజీపా కిటికీకి ఆనుకుని చూస్తూ ఉండిపోయింది. ఇరవై రెండేళ్ళుగా ఆమె ఈ దారంట పోతూనే ఉంది. పోయినప్పుడల్లా ఈ వేళకి, ఆ చివరి గదిలో, తెర దించుకుని నిద్రలో ఉండేది.

"అదుగో, ఆ గుట్ట అవతల ఇప్పుడొక ఇల్లొస్తుంది," అన్నాడు ఎర్మెక్. "ఒక్కటే ఇల్లు. లైన్‌మన్‌ది. చూస్తూండు."

గుట్ట జరిగింది. ఇల్లు వచ్చింది. నీలం తలుపు, పక్కన రెండు ఒంటెలు. గుమ్మంలో ఒకామె పిండి చేతులతోనే నిలబడి, రైలుకేసి మోచెయ్యి ఊపింది.

"నీకే ఊపుతోందా?" అంది నజీపా.

"రైలుకి. నేను మాత్రం నాకే అనుకుంటాను. మొదట్లో పెళ్ళికూతురు. తర్వాత చంకలో బిడ్డ. తర్వాత ఆ బిడ్డ ఊపేవాడు. ఇప్పుడు మళ్ళీ ఒక్కతే."

"ఇన్నేళ్ళలో నాకొక్కసారి చెప్పలేదే."

"లేపుదామనుకుని గది దాకా వచ్చేవాణ్ణి," అన్నాడు ఎర్మెక్. "నువ్వు నిద్రపోతూ ఉండేదానివి."

ఇల్లు వెనక్కి పోతోంది. నజీపా లేచి, కిటికీ పైభాగం కిందికి లాగి, చెయ్యి మోచేతిదాకా బయటపెట్టి, నీలం తలుపు కనుమరుగయ్యేదాకా ఊపింది.